తొమ్మిది పాయింట్ ఆరు ఒకటి

షెఫీల్డ్‌లో ఈ భవనం అడుగున
కిటికీ లేని గదిలో
నల్లటేపు చుట్టిన డబ్బా ఒకటి
మ్యూయాన్ల కోసం కాచుక్కూచుంది.
దాని పక్కన నేనూ.

ఎక్కడో ఆకాశం పైఅంచున పుట్టి
నా నడినెత్తిలోంచి, చల్లారిన టీలోంచి,
పై అంతస్తు క్లాసులో కునికే కుర్రాళ్ళలోంచి
అడక్కుండా దూరి వెళ్ళిపోతాయవి.
అరచెయ్యి చాపితే సెకనుకొకటి.
ఏ ఒక్కటో అలిసి డబ్బాలో ఆగుతుంది,
ఆగిన చోటే చచ్చిపోతుంది.
పుట్టుకకీ చావుకీ మధ్య కాదు,
ఆగడానికీ చావుకీ మధ్య ఎంతసేపో
రాసిపెట్టడం మా పని.
లక్ష చావులకి ఒక్క వంపు గీత.

నలభై రెండేళ్ళకి ఎమ్మెస్సీ, రెండోసారి.
మొదటిది గైడు బట్టీపట్టి తెచ్చుకున్నాను.
ఫస్టు క్లాసే.
ఇక్కడ నా జంట ఇమొజెన్‌కి ఇరవై రెండు.
ప్రోగ్రాములో నేను కామా మర్చిపోతే
"ఎవరికైనా జరుగుతుంది" అంటుంది.
ఆ మాట ఇంకా అలవాటు కాలేదు నాకు.

పుస్తకంలో రెండు పాయింట్ ఒకటి తొమ్మిది ఏడు మైక్రోసెకన్లు.
మాకొచ్చింది రెండు పాయింట్ ఒకటి ఒకటి.
నా చెయ్యి దానంతటదే పెన్సిలందుకుంది,
కందుకూరు జూనియర్ కాలేజీలో
పద్నాలుగేళ్ళు రీడింగులు వండించిన చెయ్యి.
ముందు జవాబు రాసుకుని
అక్కణ్ణించి వెనక్కి నడిచి
నమ్మేటట్టు కాస్త తప్పు, ఉప్పులా చల్లి దించడం.
ఎక్స్‌టర్నల్ గారికి కోడిపలావు కూడా
ఆ ప్రయోగంలో భాగమే.

ఇమాంబీ, అప్పుడు గుర్తొచ్చావు.
రెండు జడలు, ఒకదానికే రిబ్బను.
లోలకాన్ని ఊపి ఊపి
తొమ్మిది పాయింట్ ఆరు ఒకటి పట్టుకొచ్చావు.
"మళ్ళీ చేశా మేడం, మళ్ళీ అదే వచ్చింది."
ఎర్రసిరాతో కొట్టేశాను.
పక్కపిల్ల రికార్డు చూసి రాసుకోమన్నాను.
రాసుకున్నావు.
ముప్పైకి ముప్పై.

ఫిలిప్పా మేడం మా గీత కేసి చూసి
పెన్సిల్ని నెమ్మదిగా పక్కకి జరిపింది.
"ముట్టుకోకు. ఎందుకొచ్చిందో అడుగు."

మూడు వారాలు అడిగాం.
గడియారాన్ని అనుమానించాం, కేబుళ్ళని అనుమానించాం,
వాలురోడ్డు మీద మూలుగుతూ ఎక్కే ట్రామునీ వదల్లేదు.
నన్ను నేను అనుమానించుకోవడం
ఎలాగూ వచ్చిన విద్యే.
చివరికి తేలింది:
వచ్చేవాటిలో ఇంచుమించు సగం రుణావేశంవి,
డబ్బాలోని కార్బన్ వాటిని చేరదీసి
కొన్నిటిని టైము రాకముందే మింగేస్తోంది.
ఆ తక్కువ తప్పు కాదు.
ఆ తక్కువే సంగతి.
ఇమొజెన్ కుర్చీలో గిర్రున తిరిగింది.
నేను మెట్లెక్కి బయటికొచ్చి
గొడుగు తెరవడం మర్చిపోయి నిలబడ్డాను.

ఆ రాత్రి ట్రాములో, టికెట్టు వెనక
నీ లెక్క వేశాను ఇమాంబీ.
దారం ఎనభై సెంటీమీటర్లని గుర్తు.
హుక్కు దాకానే కొలిచుంటావు,
గుండు నడుమ దాకా కొలవాలని
నేను చెప్పానో లేదో గుర్తులేదు.
సెంటీమీటరున్నర కలిపితే
తొమ్మిది పాయింట్ ఏడు తొమ్మిది.
నీ తప్పులో ఇత్తడిగుండు సైజు దాక్కునుంది.
అదే కారణమో,
వదులు మేకో, నెత్తిమీద ఫ్యానో,
ఇప్పుడెవరు కొలుస్తారు?
ఆ ల్యాబుని సైకిల్ స్టాండు చేశారని విన్నాను.

రిపోర్టు చివర కృతజ్ఞతల పేజీలో
ఒక పేరు ఎక్కువుందని
ఇమొజెన్ అడిగింది, ఈవిడెవరని.
"నాకంటే ముందు
సరిగ్గా కొలిచినావిడ" అన్నాను.
ఇంటిపేరేమిటంది.
నాకు తెలీదు.
హాజరుపట్టీలో పొట్టి అక్షరాలు రెండుండేవి,
విప్పి ఎప్పుడూ చదవలేదు.